ఎంత పలచన, ఎంత ఊత: ఉకులేలే పైపలక నిర్మాణం

ఉకులేలేలో నాదం తీగ మీద పుట్టినా, దాన్ని వినేవారి చెవిదాకా చేర్చేది తీగల కింద ఉన్న పైపలక. తీగ సన్ననిది కనుక తానుగా గాలిని పెద్దగా కదపలేదు. మీటినప్పుడు కలిగిన కంపనం బ్రిడ్జి గుండా, అంటే తీగల కింది కొసలను పట్టి ఉంచే చిన్న చెక్క దిమ్మ గుండా, పలకలోకి దిగి పలకను ఆడించినప్పుడే పెట్టెలోని గాలి, బయటి గాలి కదిలి ధ్వని వినపడుతుంది. అందువల్ల ఆ పలక మందం ఎంత ఉండాలి, దాని లోపలి వైపు అతికించే సన్నని ఊతబద్దలు, అంటే తయారీదారులు బ్రేసులని పిలిచేవి, ఎన్ని ఉండాలి, ఎంత ఎత్తున ఉండాలి అన్న రెండు నిర్ణయాల మీదనే వాద్యం గొంతు ఆధారపడి ఉంటుంది. ముత్యపుచిప్ప పొదుగులూ అద్దం లాంటి మెరుగూ ఆ తరువాతి విషయాలు.

ఈ వాద్యం హవాయి దీవులది. దాని మూలం మాత్రం పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవిలో ఉంది. చెరకు తోటల్లో పనిచేయడానికి వలస వచ్చిన మదీరా కుటుంబాలతో రావెన్స్‌క్రాగ్ అనే ఓడ 1879 ఆగస్టులో హొనొలులు చేరింది. కొన్నాళ్ల తరువాత, అందులో వచ్చిన మాన్యుయెల్ నూనెస్, అగస్తో దియాస్, జోజే దో ఎస్పిరితు సాంతు అనే ముగ్గురు వడ్రంగులు తమ దీవిలోని మషేత్ అనే నాలుగు తీగల చిన్న వాద్యాన్ని స్థానిక కలపతో చేయడం మొదలుపెట్టారు. రాజు కలకౌవా ఆదరణ దొరకడంతో అది కొద్ది కాలంలోనే హవాయి సంగీతంలో భాగమైంది. వారు ఎంచుకున్న కలప కోవా. హవాయిలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని ఈ చెట్టు తెలుగువారికి తెలిసిన తుమ్మకు దూరపు బంధువు. గిటారు చేసేవారు పైపలకకు స్ప్రూస్ వంటి తేలికైన మెత్తని కలపను వాడుతుండగా, వీరు పైపలక, వెనుక పలక, పక్కలు అన్నింటినీ కోవాతోనే చేసి, కలప గట్టిది కనుక పలకను బాగా పలచన చేశారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవారు పనస మొద్దును తొలిచి కుండను మలుస్తారు. హొనొలులు వడ్రంగులది పలచని చెక్కలను వేడితో వంచి జిగురుతో అతికే పద్ధతి కాబట్టి, ప్రతి పలక మందాన్నీ విడిగా తూచి నిర్ణయించే వీలు వారికి కలిగింది.

ఈ పలచదనం విలువ ఎంతటిదో మార్టిన్ గిటార్ కంపెనీ చరిత్రలోని ఒక ఘట్టం చెబుతుంది. అప్పటికే గిటార్ల తయారీలో ఎంతో పేరున్న ఆ అమెరికన్ సంస్థ 1907 ప్రాంతంలో మొదటిసారి ఉకులేలేలు చేసినప్పుడు, వాటికి స్ప్రూస్ పైపలక పెట్టి, గిటారుకు అలవాటైన రీతిలో బలమైన బ్రేసులు బిగించింది. పనితనంలో లోపం లేదు, కానీ వాద్యం పలకలేదు. అవి ఎవరికీ నచ్చలేదు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా పసిఫిక్ ప్రదర్శన తరువాత అమెరికా అంతటా హవాయి సంగీతం మోజు పెరగడంతో, ఆ సంస్థ మహాగనీతో, పలచని పలకలతో, తేలికైన బ్రేసులతో మళ్లీ ప్రయత్నించి విజయం సాధించింది. ఆ కాలపు మార్టిన్ సొప్రానోలను, అంటే ఉకులేలేలలో అతి చిన్న పరిమాణపు వాటిని, తయారీదారులు నేటికీ కొలతలు తీసుకుని నమూనాగా పెట్టుకుంటున్నారు. ఉకులేలే చిన్న గిటారు కాదన్న సంగతి, నిపుణులైన గిటార్ వడ్రంగులే దెబ్బ తిని నేర్చుకోవలసి వచ్చింది.

ఇందులోని తేడాను లెక్కతో చూడవచ్చు. పలక బరువు మందంతో సమానంగా పెరుగుతుంది గానీ, వంగకుండా నిలిచే బిగువు మందం ఘనంతో పెరుగుతుంది. 2 మిల్లీమీటర్ల పలకను 1.8కి తగ్గిస్తే బరువు పది శాతమే తగ్గుతుంది, బిగువు మాత్రం దాదాపు 27 శాతం పోతుంది. మామూలు కళ్లకు ఆనని ఆ తేడాతో వాద్యం గొంతు మారిపోతుంది. పలక మరీ మందమైతే తీగల శక్తి దాన్ని కదపలేక స్వరం సన్నగా, బిగుసుకుపోయినట్లు వస్తుంది. మరీ పలచనైతే మొదటి దెబ్బకు గట్టిగా మోగినా స్వరంలో స్పష్టత ఉండదు, కొన్నేళ్లకు బ్రిడ్జి వెనుక పలక ఉబ్బుతుంది. నైలాన్ తీగలు బిగించిన సొప్రానో మీద మొత్తం లాగుడు పదిహేను కిలోల పరిసరాల్లో ఉంటుంది. ఉక్కు తీగల గిటారు మీద అది సుమారు డెబ్బై కిలోలు. ఇంత తక్కువ శక్తితో ఆడవలసిన పలకకు గిటారు మందం ఇవ్వడమంటే దాని నోరు నొక్కడమే.

కలపను బట్టి కొలత మారుతుంది. కోవా లేదా మహాగనీ సొప్రానో పైపలక సాధారణంగా 1.5 నుంచి 1.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అంతకన్నా పెద్దదై, తీగ పొడవు సుమారు 43 సెంటీమీటర్లున్న టెనార్ ఉకులేలేకు 1.8 నుంచి 2.2 వరకు ఉంచుతారు. స్ప్రూస్ తేలికైనది కనుక కొంచెం ఎక్కువ మందం ఉన్నా బరువు పెరగదు. హవాయి తయారీదారులు కోవాతో పాటు మామిడి చెక్కను కూడా మక్కువగా వాడతారన్నది తెలుగు పాఠకులకు వింతగా తోచవచ్చు, ఎందుకంటే ఇక్కడ అది పళ్ల పెట్టెలకూ చౌక తలుపులకూ పోతుంది. పక్కలూ వెనుక పలకా దాదాపు అదే మందంలో ఉంటాయి, వాటి గురించి పెద్ద చర్చ అక్కరలేదు.

అయితే ఈ అంకెలు మొదలుపెట్టడానికే పనికివస్తాయి. ఒకే మొద్దు నుంచి కోసిన రెండు కోవా పలకలు బరువులోనూ బిగువులోనూ ఒకదానితో ఒకటి కలవవు. వయసు వలయాలు పలకకు నిలువుగా వచ్చేలా కోసిన చెక్క అడ్డంగా కోసిన దానికన్నా గట్టిగా నిలుస్తుంది, తేమకు తక్కువగా కదులుతుంది. అలలు అలలుగా మెరిసే కోవాకు ధర ఎక్కువే గానీ, ఆ మెరుపు నారలు వంకరగా పోవడం వల్ల వచ్చింది కనుక నిలువు బిగువు తగ్గుతుంది. దానికి రెండు మూడు పదోవంతుల మిల్లీమీటరు అదనంగా ఉంచాలి. అందుకే అనుభవజ్ఞుడు ముందుగా కొంత ఎక్కువ మందానికి చిత్రిక పట్టి, పలకను రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టుకుని నార వెంట ఒకసారి, నారకు అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూస్తాడు. ఆపై ఒక అంచు దగ్గర రెండు వేళ్లతో వదులుగా వేలాడదీసి మధ్యలో వేలి కణుపుతో తడతాడు. మందంగా ఉన్న పలక పొట్టిగా టక్కుమంటుంది. చిత్రికా గీకుడు బ్లేడూ పొరపొరగా తీస్తూ పోయేకొద్దీ ఆ చప్పుడు దిగువకు జారి, సాగి, ఒక చోట స్వరంలా నిలుస్తుంది. అక్కడ ఆపాలి. చెవిని నమ్మనివారు పలకను రెండు ఆధారాల మీద పెట్టి, మధ్యలో తెలిసిన బరువు ఉంచి, ఎంత కుంగిందో డయల్ గేజితో కొలిచి పుస్తకంలో రాసుకుంటారు. రెండోదే నేర్చుకునేవారికి మేలు, ఎందుకంటే చెవి పదును పడటానికి కొన్ని వాద్యాలు చెడిపోవాలి.

పలక ఇంత పలచనైనప్పుడు తీగల లాగుడుకు కూలకుండా నిలిపేవి బ్రేసులు. తీగలు పలకకు కొంచెం పైన ఉండి లాగుతాయి కనుక బ్రిడ్జి ముందుకు తిరగబోతుంది. దాని ముందు పలక కుంగాలని చూస్తుంది, వెనుక లేవాలని చూస్తుంది. చెక్క నార వెంట గట్టిది, అడ్డంగా ఎన్నో రెట్లు బలహీనమైనది కాబట్టి ఆ లోటునూ బ్రేసులే తీర్చాలి. పాత హవాయి సొప్రానోలో నాద రంధ్రానికి పైన ఒకటి, కింద ఒకటి అడ్డ బద్దలుంటాయి, బ్రిడ్జి కింద పలచని చెక్క తునక ఒకటి ఉంటుంది. అంతకన్నా ఏమీ లేదు. టెనార్‌కు అది చాలదు కనుక, స్పెయిన్‌లో 19వ శతాబ్దపు గిటార్ శిల్పి అంతోనియో దె తోర్రెస్ స్థిరపరచిన విసనకర్ర అమరికను చిన్నది చేసి, రంధ్రం కింది నుంచి మూడు లేదా ఐదు సన్నని బద్దలను పరచి అతికిస్తారు. ఉక్కు తీగల గిటార్లలో కనిపించే ఎక్స్ ఆకారపు అమరికను టెనార్‌కు వాడేవారూ ఉన్నారు గానీ, సొప్రానోకు అది అనవసరపు బరువు.

బద్ద విషయంలోనూ ఘనం లెక్కే పనిచేస్తుంది. వెడల్పు తగ్గిస్తే బలం అంతే పాళ్లలో తగ్గుతుంది, ఎత్తు తగ్గిస్తే ఒక్కసారిగా పడిపోతుంది: 8 మిల్లీమీటర్ల ఎత్తున్న బద్దను 7కి చెక్కితే మూడో వంతు బిగువు పోతుంది. కాబట్టి బద్దను వెడల్పుగా, పొట్టిగా చేయడంకన్నా సన్నగా, కొంచెం ఎత్తుగా చేస్తే అదే బరువులో ఎక్కువ బలం దొరుకుతుంది. స్ప్రూస్ ముక్కను నార చెదరకుండా రంపంతో కాక చీల్చి తీసి, పలకకు అతికిన తరువాత పదునైన ఉలితో రెండు కొసలనూ అంచు వైపు పలచగా దించుతారు. మధ్యలో బిగువు ఉండి, అంచుల దగ్గర పలక సులువుగా ఆడాలన్నది ఉద్దేశం. ఈ పని సాగుతున్నంతసేపూ మధ్యమధ్య పలకను తట్టి చూస్తూనే ఉండాలి, ఎందుకంటే పెట్టె మూసిన తరువాత సొప్రానో రంధ్రంలో చెయ్యి పట్టదు.

తేమను లెక్కపెట్టని తయారీ ఎంత నేర్పుగా ఉన్నా నిలవదు. పలక నారకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. దాని మీద అడ్డంగా అతికిన బద్ద తన పొడవున దాదాపు కదలదు. విశాఖ తీరంలో వానాకాలపు గాలిలో బద్దలు అతికిన వాద్యాన్ని ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాదు గదిలో ఉంచితే పలక కుంచించుకోబోయి, బద్ద పట్టి ఉంచడంతో పగులుతుంది. గాలిలో తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడే బద్దలు అతికించాలన్న నియమం అందుకే వచ్చింది.

ఇంత తెలిసినా మార్కెట్లో దొరికే చౌక ఉకులేలేలు ఎక్కువ భాగం మందంగానే ఉంటాయి. పొరలు అతికిన ప్లైవుడ్ పలకలు, గిటారును తలపించే బద్దలు వాడటానికి కారణం తయారీదారుల అజ్ఞానం కాదు. దూరదేశాలకు పంపిన సరుకు పగిలి వెనక్కి రాకుండా చూసుకోవడం. ఆ భద్రత మూల్యం వినేవారే చెల్లిస్తున్నారు. సొప్రానో కొనదలచినవారు పేరు చూసే ముందు దాన్ని చేతిలో ఎత్తి చూడాలి. పాత పద్ధతి బిరడలున్న మంచి వాద్యం సాధారణంగా 400 గ్రాముల లోపే తూగుతుంది. తరువాత ఫోన్ లైటు వేసి రంధ్రంలోంచి లోపలికి చూడాలి. బద్దలు చిటికెన వేలంత లావుగా కనపడితే, ఆ వాద్యం పైకి ఎంత మెరిసినా పక్కన పెట్టవలసిందే.