వెనక్కి తిప్పి చూసే కన్ను

నూజివీడు రసం మామిడిని ముచ్చిక దగ్గర వాసన చూసి కొంటారు. అలాగే పాత అంతరిక్ష ఫొటోల సేకర్త ముందు బొమ్మను వెనక్కి తిప్పుతాడు. అపోలో కాలపు అసలు నాసా ప్రింటు అయితే వెనక తరచూ ‘ఎ కొడాక్ పేపర్’ ముద్ర, రంగుల బొమ్మ అంచున ఎర్ర అంకెలు కనిపిస్తాయి.

1981లో మన దేశపు ఆపిల్ ఉపగ్రహాన్ని ఎడ్లబండి మీద ఎక్కించిన ఫొటో చూసి పేదరికం అనుకునేవాళ్లున్నారు. యాంటెన్నా పరీక్షకు లోహం అడ్డురాకూడదనే ఆ చెక్కబండి. బొమ్మతోపాటు కథనూ దాచేవాడే నిజమైన సేకర్త.

శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ 1971లో ఎగిరింది. అప్పట్లో అక్కడ పనిచేసినవాళ్లు మీ ఇంట్లో ఉంటే పాత ఆల్బం తీయించండి. లామినేషన్ చేయించొద్దు, వెనక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఏడాది రాయించండి.