పగడాల తోటలో మసలే విద్య

కారంపూడి ఇళ్ల అరుగుల మీద పరిచిన నాపరాళ్లు, పిడుగురాళ్ల బట్టీల్లో కాలే సున్నపురాయి ఒకప్పుడు సముద్రపు అడుగే. యాభై కోట్ల ఏళ్లకు పూర్వం పల్నాడు నేల మీద లోతులేని సముద్రం పరుచుకుని ఉండేది. దాని అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపు బురద గట్టిపడి రాయైంది. పగడాలు అప్పటికి పుట్టనే లేదు. ఆ తర్వాతి యుగాల్లో అవి పుట్టి, సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసుకుని గూళ్లు కట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆ పని నేటికీ సాగుతున్న చోటును కళ్లారా చూడాలంటే పల్నాడు వాసి బంగాళాఖాతం దాటి అండమాన్ వెళ్లవచ్చు.

తెలుగువాళ్లకు అదేమీ పరాయి నేల కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వలస వెళ్లి అక్కడే స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నుంచి రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు వెళితే వండూర్ వస్తుంది. 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కుకు అదే వాకిలి.

పార్కు విస్తీర్ణం 281.5 చదరపు కిలోమీటర్లు. అందులో 15 దీవులు, వాటి మధ్య పాయలు, మడ అడవులు, పగడపు దిబ్బలు. సందర్శకులు అడుగుపెట్టగలిగేవి రెండే దీవులు: జాలీబాయ్, రెడ్‌స్కిన్. అవి కూడా ఒకేసారి కాదు. నవంబరు నుంచి వేసవి దాకా జాలీబాయ్, వానాకాలంలో రెడ్‌స్కిన్. మెట్ట రైతు చేనును ఒక కారు బీడు పెట్టినట్టు, ఒక దీవికి జనం వస్తున్నప్పుడు రెండోదానికి విశ్రాంతి. పడవ ఎక్కేముందు అటవీ సిబ్బంది సంచులు తనిఖీ చేస్తారు. వాడి పారేసే ప్లాస్టిక్‌ను దీవికి పోనివ్వరు. అక్కడ బస లేదు, అంగళ్లు లేవు.

ఈ దీవుల దగ్గర పగడాలను చూడటానికి అద్దపు అడుగున్న పడవలు ఉన్నాయి. అంతకన్నా దగ్గరగా చూడాలంటే స్నార్కెలింగ్ ఉంది. ముఖానికి మాస్కు, నోట్లో పైకి వంగిన గొట్టం పెట్టుకుని, బోర్లా తేలుతూ కిందికి చూడటమే స్నార్కెలింగ్. వినడానికి తేలికే. కానీ ఊరి కాలువలోనో బావిలోనో ఈత నేర్చినవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. కాలువ ఈతలో చేతులు బలంగా వేయాలి, తల పైకెత్తి గాలి పీల్చాలి. ఇక్కడ చేతులకు పనే లేదు. ముఖం నీళ్లలోనే ఉంచి నోటితో నెమ్మదిగా పీల్చి వదలాలి. మాస్కు లోపలి అద్దానికి కాస్త ఉమ్మి రాసి కడిగితే ఆవిరి పట్టదు. గొట్టంలోకి నీరు వస్తే కంగారు పడకుండా ఒక్కసారి గట్టిగా ఊదితే బయటికి పోతుంది. ఉప్పునీరు మనిషిని తేల్చి ఉంచుతుంది, అందుకు ఒళ్లు వదులుగా పెడితే చాలు.

వీపున గాలి సిలిండరుతో నీటి లోతుకు దిగే స్కూబా డైవింగ్ దీనికి పై మెట్టు. అండమాన్‌లో దీని కేంద్రం స్వరాజ్ ద్వీప్, పాత పేరు హేవ్‌లాక్. సాధారణంగా కొత్తవాళ్లను శిక్షకుడి చేయి వదలకుండా పన్నెండు మీటర్లలోపు లోతుకే తీసుకెళతారు. నీటిలో పది మీటర్లు దిగితే ఒంటి మీది ఒత్తిడి ఉపరితలంతో పోలిస్తే రెట్టింపవుతుంది. మొదట తెలిసేది చెవులకు. అందుకే నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా, దిగుతున్నంతసేపూ ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదుతూ చెవులను సర్దుకోవాలి. సర్దుకోకపోతే కాస్త పైకి రావాలి తప్ప పంతంతో దిగకూడదు.

రెండో సూత్రం మరీ ముఖ్యం. స్కూబాలో ఊపిరి బిగబట్టకూడదు. లోతులో పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది. బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పైకి రావడమూ నిదానంగానే ఉండాలి. ఒంట్లో కరిగిన నత్రజని మెల్లగా బయటపడటానికి అనుభవజ్ఞులు ఐదు మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగుతారు. నీటి కింద మాటలుండవు కనుక చేతి సైగలే భాష. బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి పోదామని. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

ఇవన్నీ వంటబట్టాక అసలు విద్య మొదలవుతుంది. అది నీటి మధ్యలో పైకీ కిందికీ పోకుండా నిలకడగా ఉండటం. నిండుగా ఊపిరి పీలిస్తే ఒళ్లు జానెడు పైకి లేస్తుంది, వదిలితే అంతే కిందికి దిగుతుంది. మంచి డైవర్ పగడపు కొమ్మలకు మూరెడు దూరంలో, చేతులు కట్టుకుని, ఊపిరితోనే తనను నిలుపుకుంటాడు. ఆ నిలకడ లేనివాడు కాళ్లు ఆడిస్తాడు. కాళ్లకు తొడుక్కున్న ఫిన్ ఒక్క దెబ్బకు విరిగే కొమ్మ పెరగడానికి ఏళ్లు పట్టి ఉంటుంది. కొమ్మల పగడాల్లో త్వరగా పెరిగేవి ఏడాదికి పది సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి. బండల్లా కనిపించే గుండ్రని పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు కూడా పెరగకపోవచ్చు.

నిలకడగా ఉన్నవాడికే దిబ్బ తన సంసారం చూపిస్తుంది. చిలక ముక్కు లాంటి పళ్లతో పారట్‌ఫిష్ పగడపు బండను గీరుతుంటే ఆ చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినిపిస్తుంది. అది గీరిన సున్నం కడుపులో నలిగి తెల్లని ఇసుకగా బయటికి వస్తుంది. సీ అనెమొనీ అనే జీవి తీగల మధ్య నారింజ రంగు క్లౌన్‌ఫిష్ తన చోటును కాచుకుంటూ, మాస్కు దగ్గరికి వస్తే ఎదురు వస్తుంది. మొక్కలా కనిపించే పగడం నిజానికి వేల చిన్న జీవుల కాలనీ. వాటి కణజాలంలో ఉండే సూక్ష్మ శైవలాలు ఎండతో ఆహారం తయారుచేసి పెడతాయి. పగడానికి రంగూ బలమూ వాటివల్లే. సముద్రపు అడుగులో ఒక్క శాతం కూడా లేని పగడపు దిబ్బలు సముద్ర జీవజాతుల్లో సుమారు నాలుగో వంతుకు ఆశ్రయం ఇస్తున్నాయి.

ఆ కాపురం ఇప్పుడు కష్టాల్లో ఉంది. నీరు మామూలు కన్నా ఎక్కువగా వేడెక్కితే పగడాలు ఆ శైవలాలను వదిలేసి తెల్లబడతాయి. అండమాన్ దిబ్బలు 2010లో, మళ్లీ 2016లో ఆ దెబ్బ తిన్నాయి. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి, కొన్ని దిబ్బలు గాలికి తేలి చచ్చిపోయాయి. మనిషి చేసిన నష్టానికి తమిళనాడులోని మన్నార్ సింధుశాఖే సాక్ష్యం. సున్నం కోసం, కట్టడాల కోసం అక్కడ దశాబ్దాల పాటు పగడాలను తవ్వారు. అక్కడి మెరైన్ నేషనల్ పార్కులోని 21 దీవుల్లో విలంగుచల్లి, పూవరసన్‌పట్టి అనే రెండు నీట మునిగాయి. అలలను అడ్డుకునే దిబ్బ పోతే దీవి నిలవదు.

అందుకే వండూర్‌లో సంచి తనిఖీ చేసే సిబ్బంది, దీవిని మూసి ఉంచే నియమం, చేతులు కట్టుకుని తేలే డైవర్ చేసేది ఒకే పని. చూడాలి, తాకకూడదు. ఇది మర్యాదే కాదు, చట్టం కూడా. పగడాలకు, పెద్ద ఆల్చిప్పలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఒడ్డున పడి ఉన్న ముక్కైనా సరే, సంచిలో వేసుకోకూడదు.

వెళ్లదలచినవాళ్లు సముద్రం ప్రశాంతంగా ఉండే జనవరి, ఏప్రిల్ మధ్య కాలాన్ని ఎంచుకోవాలి. వండూర్ పక్కన ఉప్పునీటి మొసళ్ల అభయారణ్యం ఉంది, కాబట్టి సిబ్బంది చూపిన చోటే నీళ్లలో దిగాలి. జలుబు ఉన్నప్పుడు డైవింగ్ మానుకోవాలి, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందుగా వైద్యుణ్ని అడగాలి. చివరి డైవ్‌కు, తిరుగు విమానానికి మధ్య కనీసం 18 గంటలు ఉండేలా టికెట్ తీసుకోవాలి.