ఇది ఏ అడవి?

మా రోజుల్లో ఊరూరా పౌరాణిక నాటకాలాడే సమాజాలు ఉండేవి. ఏ సమాజం దగ్గరైనా దర్బారు తెర, వీధి తెర, తోట తెర, అడవి తెర తప్పకుండా ఉండేవి. మార్కాపురంలో డ్రాయింగు మాస్టారుగా పనిచేస్తూ, వేసవి సెలవుల్లో నేను ఆ తెరలకు రంగులు వేసి ఇచ్చేవాణ్ణి. గాడా గుడ్డకు సుద్ద, వజ్రం బంక కలిపి పూత పూసి, ఆరాక రంగుపొడులతో చెట్లు వేసేవాళ్ళం. హరిశ్చంద్రుడు కాశీకి నడిచినా, పాండవులు వనవాసం చేసినా, నలుడు దమయంతిని వదిలి వెళ్ళినా వెనక దిగేది ఆ ఒక్క అడవి తెరే.

ఒకసారి దోర్నాలలో నాటకం అయిపోయి తెరలు చుడుతుంటే ఒక చెంచు పెద్దాయన దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అడవి తెరను పైనుంచి కిందిదాకా చూసి, "ఇది ఏ అడవి సారూ?" అని అడిగాడు. ఆయన గొంతులో వెక్కిరింత లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ తెరమీద ఆకులున్నాయి గానీ అవి ఏ చెట్టు ఆకులో వేసిన నాకే తెలియదు. ఆ తర్వాతే ఆదివారాలు బొమ్మల పుస్తకం పట్టుకుని నల్లమలకు వెళ్ళడం మొదలుపెట్టాను.

కంప్యూటరుతో అడవి దృశ్యాలు కట్టడం ఎలాగో నేర్పే ఈ పుస్తకానికి ముందుమాట రాయమన్నప్పుడు నాకు ఆ పెద్దాయన ప్రశ్నే గుర్తొచ్చింది. చేతిప్రతి మొత్తం చదివాక, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేలా విద్యార్థిని తయారుచేయడమే దీని ఉద్దేశమని అర్థమైంది.

పుస్తకం రాసిన అమ్మాయి మా బడిలో నా దగ్గర చదువుకుంది. మార్కాపురం పలకల ఊరు కదా, పగిలిన పలక ముక్కల మీద బలపంతో చెట్లు వేసుకొచ్చి చూపించేది. తర్వాత హైదరాబాదు వెళ్ళి సినిమాలకూ వీడియో గేములకూ దృశ్యాలు తయారుచేసే పనిలో స్థిరపడింది. రెండేళ్ళ కిందట ఇంటికి వచ్చి, ఏమీ చెప్పకుండా ల్యాప్‌టాప్‌లో ఒక బొమ్మ తెరిచి నా ముందు పెట్టింది. నల్లమద్ది బోదె మీద మొసలి చర్మం లాంటి పగుళ్ళు. నేలంతా ఎండుటాకు. ఆకు రాలిన మోదుగ మీద నిప్పురంగు పూలు. ఒక వారగా ఎలుగుబంటి తవ్వి వదిలేసిన చెదపుట్ట. "శ్రీశైలం దారిలో ఘాటు మొదలయ్యే చోటు. శివరాత్రి రోజులు," అన్నాను. "అవును మాస్టారూ, ఆ పుట్ట పక్కనే కూర్చోబెట్టి మాచేత బొమ్మలు వేయించారు," అంది.

ఈ విద్య వయసు చిన్నది. 1968లో అరిస్టిడ్ లిండెన్‌మేయర్ అనే జీవశాస్త్రవేత్త మొక్కల పెరుగుదలను కొన్ని చిన్న సూత్రాలుగా రాశాడు. ఒక గుర్తు ఉన్నచోట మరికొన్ని గుర్తులు, వాటి చోట ఇంకొన్ని. అలా రాసుకుంటూ పోతే బోదె కొమ్మలేస్తుంది, కొమ్మ రెమ్మలేస్తుంది. బోయింగ్ విమాన సంస్థలో పనిచేసే లోరెన్ కార్పెంటర్, విమానం బొమ్మల వెనక కొండలు ఎలా పెట్టాలా అని ఆలోచించి, ఎంత దగ్గరగా చూసినా అదే గరుకుతనం కనిపించే ఆకారాల గురించి మాండెల్‌బ్రాట్ రాసిన ఫ్రాక్టల్ గణితాన్ని ఆసరా చేసుకుని 1980లో 'వోల్ లీబ్ర్' అనే రెండు నిమిషాల చిత్రం తీశాడు. లెక్కల్లోంచి పుట్టిన కొండల మీదుగా మన చూపు ఎగిరిపోతుంది. 1984లో 'ఆండ్రే అండ్ వాలీ బి.' అనే చిన్న చిత్రంలో బిల్ రీవ్స్ రంగు కణాలను గుంపులు గుంపులుగా పేర్చి అడవిని నిలబెట్టాడు. కెన్ పెర్లిన్ 1985లో ప్రచురించిన 'నాయిస్' పద్ధతి రాయికీ మట్టికీ మేఘానికీ యంత్రపు నున్నదనం పోగొట్టి సహజమైన గరుకుదనం ఇచ్చింది. ఆ పనికి 1997లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం వచ్చింది. 2016 నాటి 'ది జంగిల్ బుక్' సినిమా చిత్రీకరణ లాస్ ఏంజెలెస్‌లో జరిగింది. అందులో మనకు కనిపించే భారతదేశపు అడవి దాదాపు అంతా కంప్యూటరులో కట్టిందే.

ఈ చరిత్రను ఒక అధ్యాయంలో ముగించి రచయిత్రి పనిలోకి దిగుతుంది. నేలకూ ఆకాశానికీ టెర్రాజెన్, చెట్లకు బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్లు ఎంచుకుంది. బ్లెండర్‌ను 2002లో జనం చందాలు వేసుకుని, లక్ష యూరోలు పోగుచేసి అందరి సొత్తు చేశారు. టెర్రాజెన్‌లోనూ సొంత సాధనకు ఉచితంగా దొరికే రూపం ఉంది. సాఫ్ట్‌వేరుకు పైసా పెట్టకుండా పల్లెటూరి పిల్లవాడు కూడా నేర్చుకోవాలన్న తలపుతో చేసిన ఈ ఎంపికను నేను మనసారా మెచ్చుకుంటున్నాను.

పుస్తకంలో మొదటి పాఠం చెట్టు గురించి కాదు, నీటి గురించి. వాన నీరు ఎటు జారి ఎక్కడ నిలుస్తుందో ముందు గీయమంటుంది. వాగు వెంబడి వెదురు పొదలు కడుతుంది. మట్టి నిలవని నిట్టనిలువు బండ మీద పెద్ద చెట్టు నిలదొక్కుకోదు. వాలు ఇంత మించితే చెట్టు మొలవకూడదు, ఇంత ఎత్తు దాటితే ఫలానా జాతి తగ్గాలి అన్న నియమాలను కంప్యూటరుకు ఇచ్చే ముందు, ఆ నియమాలు ఏ వాగు గట్టున నేర్చుకున్నామో రాసి పెట్టుకోమంటుంది. విత్తనాలు గాలికి చల్లినట్టు చెట్లను చల్లితే అడవి కాదని చూపించడానికి రెండు బొమ్మలు పక్కపక్కనే వేసింది. ఒకదాంట్లో చెట్లన్నీ సమదూరంలో పంటచేనులా ఉన్నాయి. రెండోదాంట్లో తల్లిచెట్టు చుట్టూ పిల్లమొక్కలు, నడుమ ఖాళీ మైదానం, అవతల మళ్ళీ గుంపు. తేడా చెప్పడానికి మాట అక్కర్లేదు.

చెట్ల అధ్యాయంలో నాకు బాగా నచ్చింది వయసుల పట్టిక. కంప్యూటరు ఒక చెట్టును ఒక్కసారే జ్ఞాపకం ఉంచుకుని వేల చోట్ల చూపించగలదు. అందువల్లే లక్ష చెట్ల అడవి మామూలు యంత్రంలో కూడా ఇముడుతుంది. అందువల్లే అది బొమ్మలకొలువులా కూడా తయారవుతుంది. ప్రతి జాతికీ కనీసం అయిదు రూపాలు కట్టమని ఆమె నియమం పెట్టింది: మొలక, పడుచు చెట్టు, ముదురు చెట్టు, పిడుగు పడి విరిగినది, నేలకొరిగి చెదలు తింటున్నది. ఈ చివరి రెండూ లేని అడవి బొమ్మను చూసినప్పుడల్లా నాకు ముసలివాళ్ళు లేని ఊరు గుర్తొస్తుంది. కొమ్మల లావు విషయంలో లియొనార్డో డావించీ గమనింపును ఆమె వాడుకున్న తీరు కూడా బాగుంది. ఏ ఎత్తులో చూసినా కొమ్మలన్నిటి లావూ కలిపితే కింది బోదె లావుకు సరిపోతుందని ఆయన రాసుకున్నాడు. ఆ సూత్రం తప్పిన చెట్టు, కారణం తెలియకపోయినా, చూసేవాడి కంటికి అతికించినట్టే ఉంటుంది.

తయారుగా దొరికే చెట్ల భాండాగారాల్లో ఎక్కువగా చలిదేశాల చెట్లే ఉంటాయట. పైన్, ఓక్, బర్చ్ తెచ్చి నాటేసి అది నల్లమల అంటే ఎవరు నమ్ముతారు? అందుకని ఈ అమ్మాయి మూడు వేసవులు తిరిగి మద్ది, తునికి, నారేప, బిల్లుడు, మోదుగ, ఇప్ప చెట్ల బెరళ్ళను ఫొటోలు తీసి, ఆకుల కొలతలు రాసుకుని, ఒక్కొక్కటీ స్వయంగా కట్టింది. ఆ పేర్లు తనకు నేర్పింది చెంచు పెద్దలని పుస్తకం మొదటి పేజీలోనే చెప్పి వాళ్ళకు నమస్కరించింది. ఆ పేజీ చదివి నేను చాలాసేపు పుస్తకం పక్కన పెట్టాను.

ఇక ఈ పుస్తకానికి ప్రాణం గాలి మీద రాసిన అధ్యాయం. దూరపు కొండ నీలంగా కనిపిస్తుందని చిత్రకారులకు ఎప్పటినుంచో తెలుసు. దాని కారణాన్ని 1871లో రేలీ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్కగట్టి చెప్పాడు: గాలిలోని అణువులు ఎరుపు కంటే నీలాన్ని చాలా ఎక్కువగా చెదరగొడతాయి. పొగమంచు తీరు వేరు. దాని నీటిబొట్లు అణువులతో పోలిస్తే మహా పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ సమానంగా చెదరగొట్టి తెల్లగా కనిపిస్తాయి. పైగా వెలుగును ఎక్కువగా ముందుకే తోస్తాయి. అందుకే సూర్యుడి వైపు తిరిగి చూస్తే మంచు వెలుగుతుంది, వీపు తిప్పితే అదే మంచు పలచబడిపోతుంది. ఆ ముందుకు తోసే గుణాన్ని ఒక్క అంకెలో చెప్పే సూత్రాన్ని హెన్యే, గ్రీన్‌స్టీన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు 1941లో రాశారు. నక్షత్రాల నడుమ ఉన్న ధూళి కోసం రాసిన ఆ సూత్రమే ఇవాళ మన అడవిలో తెల్లవారుజామున మంచు పరుస్తోంది. మంచు ఎంత వేయాలో ఈ పుస్తకం చెప్పదు. మొదటి వరస చెట్టుకూ మూడో వరస చెట్టుకూ మధ్య ఎన్ని అడుగుల గాలి ఉందో కొలిచి, ఆ గాలికి తగినంత మంచు వేసుకోమంటుంది. గాలి ఉందన్న సంగతి తెలిసినప్పుడే బొమ్మలో లోతు పుడుతుంది.

వెలుగు గురించి ఆమె రాసింది చదివి నేను ఈ వయసులో కొత్తగా నేర్చుకున్నాను. ఆకుల సందుల్లోంచి నేలమీద పడే వెలుగు మచ్చలు గుండ్రంగా ఎందుకుంటాయి? సందు ఏ ఆకారంలో ఉన్నా ఆ మచ్చ సూర్యబింబపు ప్రతిబింబం. పాక్షిక గ్రహణం నాడు అవే మచ్చలు నెలవంకలవుతాయి. సూర్యబింబం మన కంటికి సుమారు అర డిగ్రీ వెడల్పు. ఆ లెక్కన, మిట్టమధ్యాహ్నం నడినెత్తిన ఎండ కాసేటప్పుడు, పది మీటర్ల పైనున్న కొమ్మ నీడ అంచు నేలమీద దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల మేర మెత్తబడుతుంది. అడుగు ఎత్తున ఉన్న గడ్డిపరక నీడ మాత్రం పదునుగానే పడుతుంది. కంప్యూటరులో సూర్యుడిగా పెట్టే దీపం కోణాన్ని సున్నా చేసి వదిలేస్తే రెండు నీడలూ కత్తితో కోసినట్టుంటాయి, అడవి అట్టముక్కల్లా మిగులుతుంది. అలాగే ఆకు మీద పడే వెలుగు ఒకటి, ఆకులోంచి వచ్చే వెలుగు మరొకటి. పైనుంచి చూస్తే ఆకు ఆకాశపు తెలుపు కలిసిన పచ్చ, కిందనుంచి ఎండకు ఎదురుగా చూస్తే పసుపు కలిసిన పచ్చ. ఈ రెండు పచ్చలూ లేకపోతే చెట్టుకు ఎన్ని లక్షల ఆకులున్నా దండగ.

ఈ మధ్య నాలుగు మాటలు టైపు చేస్తే అడవి బొమ్మ క్షణంలో వేసిచ్చే యంత్రాలు వచ్చాయి. ఇంత కష్టపడి నేర్చుకోవడం ఎందుకని పిల్లలు అడుగుతున్నారు. నేను అలాంటివి చాలా చూశాను. అందంగానే ఉంటాయి. కానీ వాటిలో చాలావాటిని చూసినప్పుడు నాకు నా పాత అడవి తెర కనిపిస్తుంది. అందరి అడవులనూ కలిపి పిండిన ఒక అడవి. ఏ అడవి అని అడిగితే జవాబుండదు. పోతన గజేంద్రమోక్షంలో ఏనుగును తెచ్చేముందు త్రికూట పర్వతాన్నీ అక్కడి చెట్లనూ పేరుపేరునా వర్ణించాడు. చోటు స్థిరపడ్డాక కథ నడిపించాడు. బొమ్మ వేసేవాళ్ళకు కూడా అదే క్రమం.

పెద్దవాడిగా ఒక కోరిక చెప్పుకుంటాను. ఈ పుస్తకంలోని అడవి అంతా ఎండాకాలపు అడవి. తొలకరి తర్వాత నల్లమలకు వేరే ముఖం వస్తుంది. తడిసిన బెరడు నల్లబడుతుంది, బండల మీద నాచు పచ్చబడుతుంది. శేషాచలంలో ఎర్రచందనం అడవి ఉంది, మారేడుమిల్లిలో ఇంకా దట్టమైన అడవి ఉంది. మలి ముద్రణకల్లా వాటినీ చేర్చమని ఆమెను అడుగుతున్నాను.

తెలుగులో ఇలాంటి సాంకేతిక కళను, మన చెట్ల పేర్లతో, మన నేల ఉదాహరణలతో నేర్పిన పుస్తకం నా చేతికి రావడం ఇదే మొదలు. వాక్యం సరళంగా ఉంది, లెక్క తప్పలేదు, కన్ను నిజాయితీగా ఉంది. నా శిష్యురాలు నన్ను మించిందని చెప్పడానికి సంతోషిస్తున్నాను. ఆమెకు నా ఆశీస్సులు.

పుస్తకం తెరవబోతున్న విద్యార్థులకు ఒక్క మాట. కంప్యూటరు ముందు కూర్చోకముందు మీకు దగ్గరలో ఉన్న అడవికి వెళ్ళండి. అడవి లేకపోతే చెరువు కట్ట మీది నాలుగు చెట్ల దగ్గరికైనా వెళ్ళండి. వాటి పేర్లు అక్కడివాళ్ళను అడిగి రాసుకోండి. రేపు మీ బొమ్మ చూసి ఎవరైనా "ఇది ఏ అడవి?" అని అడిగితే పేరు చెప్పండి.