కొలిచి చెప్పేవాడే పనిమంతుడు

కాలిన బోర్డును చెత్తబుట్టలో వేయడానికి చదువు అక్కర్లేదు. అది ఎక్కడ పోయిందో, ఎందుకు పోయిందో వేలుపెట్టి చూపించడానికి మాత్రం విద్య కావాలి. ఆ విద్య ఉన్నవాళ్లు మన విశాఖలో ఇంకా ఉన్నారు. డాక్‌యార్డులోనో స్టీల్‌ప్లాంటులోనో ఇన్‌స్ట్రుమెంట్ల మీద చెయ్యి తిరిగి, రిటైరయ్యాక రుషికొండ, ఎండాడ ప్రాంతాల్లో ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టులను బతికిస్తున్న పెద్దలు వాళ్లు. వాళ్లు పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క బోర్డు చూడనిచ్చినా అదృష్టమే అనుకుంటాను.

పిల్లలు పట్టుకొచ్చేది ఎక్కువగా ఆర్డుయినో యూనో. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థుల కోసం పుట్టింది, యూనో 2010లో వచ్చింది. అందులో 16 మెగాహెర్ట్జ్ మీద నడిచే అట్‌మెగా328పీ చిప్ ఉంటుంది. సర్క్యూట్ డయాగ్రం ఎవరైనా చూసుకోవచ్చు. దీన్ని బాగుచేయగలుగుతున్నామంటే సగం పుణ్యం ఆ డయాగ్రానిదే.

బోర్డులు పోయే దారులు కొన్నే. 5 వోల్టుల పిన్నుకు 12 వోల్టులు తగిలిస్తారు. ఒక్కో పిన్ను తట్టుకునే గరిష్ఠ కరెంటు 40 మిల్లీఆంపులైతే, దానికి నేరుగా మోటారు కడతారు. రిలే కాయిల్‌కు అడ్డంగా డయోడు పెట్టడం మరిచిపోతారు. వీటికి తోడు మన సముద్రం ఉండనే ఉంది. కిటికీ తీసి ఉంచిన హాస్టల్ గదిలో ఉప్పుగాలికి రాగి ట్రాకుల మీద పచ్చగా చిలుము పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడిన నగరం ఇది. ఉప్పునీరు తాగిన బోర్డును ముందు డిస్టిల్డ్ వాటర్‌తో, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. అంతవరకూ కరెంటు చూపించకూడదు. తడి మీద కరెంటిస్తే ఉప్పు ఆ ట్రాకులను తినేస్తుంది.

ఇక పనితనం చూడండి. కుర్రాడు బోర్డు ఇచ్చి "డెడ్ అయిపోయింది సార్" అనగానే పెద్దాయన అడిగేది ఒకటే: "ఏటి బాబూ, కొలిసావా? కొలవకండా ఐరన్ పట్టకు." కరెంటు ఇవ్వకముందే భూతద్దంతో చూస్తాడు, వాసన చూస్తాడు. మీటరు రెండు తీగలను ఒకదానికొకటి తాకించి, వాటి సొంత నిరోధం ఎంతో మనసులో పెట్టుకుంటాడు. అప్పుడు 5 వోల్టుల లైనుకూ గ్రౌండుకూ మధ్య కొలుస్తాడు. ఒకటి రెండు ఓములే చూపిస్తే షార్ట్ ఉన్నట్టే.

ఆ షార్ట్ ఎక్కడో పట్టుకునే తీరు చూసి తీరాలి. బయటి సప్లై నుంచి, వోల్టేజీ ఒక వోల్టు దాటకుండా, కరెంటుకు పరిమితి పెట్టి ఆ లైనులోకి ఇస్తాడు. బోర్డు మీద ఆల్కహాల్ పల్చగా పూస్తాడు. వాకిట్లో కళ్లాపి చల్లితే ఎండ పడ్డచోట ముందు ఆరినట్టు, దోషం ఉన్నచోట వేడికి ఆల్కహాల్ ముందు ఆరిపోతుంది. అక్కడ మిరియపు గింజంత కెపాసిటర్. దాన్ని పీకి మళ్లీ కొలిస్తే షార్ట్ మాయం! లక్షల రూపాయల థర్మల్ కెమెరా చెప్పేదాన్ని చారెడు ఆల్కహాల్‌తో చెప్పించడం, ఇదీ విద్యంటే.

షార్ట్ లేకపోతే వరసగా వెళ్తాడు. అడాప్టరు 9 వోల్టులిస్తే డయోడు దాటాక 8.3 దాకా, రెగ్యులేటర్ దాటాక 5 రావాలి. యూఎస్‌బీ చిప్ మీద అనుమానమా? రీసెట్‌ను గ్రౌండుకు కలిపి, 0, 1 పిన్నులను ఒక తీగతో కలుపుతాడు. కంప్యూటర్లో కొట్టిన అక్షరాలే తిరిగొస్తే ఆ చిప్ నిక్షేపంగా ఉన్నట్టు. అప్పుడు మంచి బోర్డునొకదాన్ని ప్రోగ్రామర్‌గా పెట్టి అసలు చిప్‌ను పలకరిస్తాడు. 1ఈ, 95, 0ఎఫ్ అని గుర్తింపు సంఖ్య పలికిందంటే దానికి ప్రాణం ఉన్నట్టే. చివరికి మీటరును డయోడ్ మోడ్‌లో పెట్టి ఒక్కో పిన్నూ తడిమి "ఏడో పిన్ను పోయింది, ఎనిమిదిలో కట్టుకో, బోర్డు బంగారం" అంటాడు. పారేయబోయిన బోర్డు మళ్లీ ల్యాబుకెళ్తుంది.

ఈ పరంపరలో మహామహులున్నారు. నేషనల్ సెమీకండక్టర్‌లో పనిచేసిన బాబ్ పీజ్ 1991లో అనలాగ్ సర్క్యూట్లలో లోపాలు వెతకడం మీద పుస్తకం రాశాడు. ఈ పని చేసేవాళ్లు దాన్ని కళ్లకద్దుకోవాలి. ఆయన మిత్రుడు జిమ్ విలియమ్స్ చనిపోతే, తీగలూ సామానూ గుట్టలుగా ఉన్న ఆయన పనిబల్లను కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ప్రదర్శనకు పెట్టింది. మన గడ్డ మీద, మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. ఎలక్ట్రానిక్స్ మనమే తయారుచేసుకోగలమని చూపించిన సంస్థ అది. తయారుచేయడం తెలిసినవాడికే వెతకడమూ తెలుస్తుంది.

ఇప్పుడేం జరుగుతోంది? బోర్డు పలకకపోతే నిమిషంలో కొత్తది ఆర్డరు. అది ఎందుకు పోయిందో తెలియదు కాబట్టి, అదే తప్పుతో రెండోదీ పోతుంది. ఆ కొత్తది క్లోన్ బోర్డయినా నేను తప్పుపట్టను. డిజైన్ బహిరంగం, సొంత పేరుతో చేసి అమ్మితే అది నిజాయితీ వ్యాపారం. కానీ పేరూ లోగోలూ దొంగిలించి, పాలీఫ్యూజు ఎగ్గొట్టి, నాసిరకం రెగ్యులేటర్ అతికించి పిల్లల చేతిలో పెట్టడం పచ్చి మోసం. 2010లో అమెరికాలోని స్పార్క్‌ఫన్ సంస్థకు అట్‌మెగా328 పేరుతో వచ్చిన చిప్‌లను విప్పి చూస్తే లోపల ఉన్నది వేరే సరుకు! అంతటివాళ్లకే టోపీ పెట్టినవాళ్లకు మన సెకండియర్ కుర్రాడు ఒక లెక్కా? ఇంతకన్నా నాకు మంటెత్తించేది మరొకటుంది. నాలుగేళ్లు ఎలక్ట్రానిక్స్ చదివినవాడు డయోడ్ మోడ్ తెలియకుండా పట్టా పుచ్చుకోవడం! ఐటీఐలో నేర్చుకుని వచ్చిన పనివాడు వాడికంటే వెయ్యి రెట్లు నయం.

రుషికొండ దారిలో ఉన్న కాలేజీల యాజమాన్యాలకు ఒక మనవి. ప్రతి ల్యాబులో పాడైన బోర్డుల పెట్టె ఒకటి పెట్టండి. ప్రాక్టికల్ పరీక్షలో ఒక బోర్డు చేతికిచ్చి "లోపం చెప్పు, ఎలా కనిపెట్టావో రాయి" అనండి, దానికి మార్కులివ్వండి. బయట ఉన్న ఆ పెద్దలను గౌరవంగా పిలిచి, జీతమిచ్చి, పిల్లల పక్కన కూర్చోబెట్టండి. డిగ్రీ లేదన్న సాకు చెప్పకండి. ఓడలూ ఉక్కూ చేసే ఊరికి లోపం వెతకగల చేతులు ఎప్పుడూ కావాలి. ఆ చేతులున్నవాళ్లు ఇవాళ మన మధ్యే ఉన్నారు. ఈ సెమిస్టర్‌లోనే పిలవండి.