పెద్దమ్మ అడిగిన మాట

మొన్న ఆదివారం పెద్దమ్మను చూడ్డానికి భీమవరం వెళ్లాను. రక్త క్యాన్సర్. నేనక్కడ ఉండగానే పలకరింపుకొచ్చిన పొరుగావిడ, "ఏ జన్మలో ఏం పాపం చేసుకుందో" అని నిట్టూర్చింది. నాకు ఒళ్లు మండింది. "పాపం కాదండీ, పొగాకు!" అనేశాను, అలవాటు చొప్పున.

పెద్దమ్మ నావైపు తిరిగి, "నేనెప్పుడు కాల్చానురా?" అంది.

పొగాకు మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. అది తాతగారి దగ్గర మొదలైంది. సాయంత్రం అరుగు మీద కూర్చుని లంక పొగాకు మీద నీళ్లు చిలకరించేవారు. ఆకు మెత్తబడ్డాక మధ్య ఈనె ఒక్క లాగులో తీసేసి, తునకలు లోపల పెట్టి, పై ఆకు ఏటవాలుగా బిగించి చుట్టేవారు. కొసన దారం కట్టాక కొరికే పని నాది. ఆ వాసన నాకిప్పటికీ ఇష్టమే. దవడ క్యాన్సర్‌తో పోయారాయన. పొగలోని బెంజోపైరీన్ డీఎన్ఏకి అతుక్కుని అక్షరాలు మార్చేస్తుందని తర్వాత చదివాను. అప్పట్నుంచి ఎవరికి క్యాన్సరన్నా నా కళ్లు ముందు చుట్ట కోసమే వెతుకుతాయి.

కానీ కణం రెండయ్యే ప్రతిసారీ దాదాపు 600 కోట్ల అక్షరాలకు నకలు తీయాలి. అచ్చుతప్పు ఎలా దొర్లుతుందో పత్రికలవాడికి వేరే చెప్పాలా? పడవలు తిరిగిన రోజుల్లో మన కాలవ లాకుల్లో నీటిమట్టం సమమయ్యేదాకా ముందు తలుపు తీసేవారు కాదు. కణమూ అలాగే మధ్యలో ఆగి సరిచూసుకుంటుంది. తప్పుంటే పీ53 అనే ప్రొటీన్ ఆపేస్తుంది, బాగుపడకపోతే కణాన్నే చంపిస్తుంది. దాదాపు సగం క్యాన్సర్లలో ఆ పీ53 జన్యువే చెడి ఉంటుంది. ఆ తప్పుల్లో కొన్ని పొగ చేసినవి. కొన్ని ఎవరూ చేయనివి, నకలులో దొర్లినవి. పొరుగావిడ పాపం వెతికింది, నేను చుట్ట వెతికాను. ఇద్దరం మంచం మీది మనిషి తప్పే వెతికాం.

పెద్దమ్మ వారానికోసారి వేసుకునే మాత్ర మెథోట్రెక్సేట్. 1895లో ఈ భీమవరంలోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో, లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనలోంచి వచ్చిన మందు. ఫోలిక్ ఆమ్లం పోలికతో కణంలో దూరి, దాని చోటు ఆక్రమిస్తుంది. డీఎన్ఏ అక్షరాలు తయారుకాక నకలు ఆగిపోతుంది. దీనికి ముందు పుట్టిన అమినోప్టెరిన్‌తో రక్త క్యాన్సర్ పిల్లలు కొన్నాళ్లైనా తేరుకున్నారని 1948లో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఇదంతా చెబితే పెద్దమ్మ మాత్రను అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. "మన ఊరాయనేనా?" అంది. "ఏదీ, ఆ నీళ్లిలా అందుకో."