శ్రీరంగరాజ చరిత్రము - అసాధ్య ప్రణయము

తెలుగున తొలి నవల యేది యను చర్చలో నరహరి గోపాలకృష్ణమ శెట్టిగారి ‘శ్రీరంగరాజ చరిత్రము’ తప్పక ప్రస్తావనకు వచ్చును. 1872లో వెలువడిన యీ గ్రంథమునకు ‘సోనాబాయి పరిణయము’ అని నామాంతరము కలదు. ఇది కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ కంటె కొన్ని యేండ్లు ముందుది. విమర్శకులు దీని ప్రాథమ్యమును గూర్చి వాదించినంతగా ఇతివృత్తమును గూర్చి విచారింపలేదు. ఈ వ్యాసము ఇతివృత్తమునకే పరిమితము.

గ్రంథకర్త కర్నూలున డిప్యూటీ కలెక్టరుగా నుండినవాడు. 1886లో ఆ జిల్లా మాన్యువలును ఆంగ్లమున రచించినవాడు. ఆదోని, ఆలూరు తాలూకాలు నాడు బళ్ళారి జిల్లాలోనివి. 1953 తరువాతనే కర్నూలు జిల్లాలో చేరినవి. అయినను ఈ మెట్టసీమ యంతయు ఒక్క తీరుదే. ఎద్దులపై ఉప్పును, ధాన్యమును వేసికొని యూరూరు తిరిగిన లంబాడీలు ఈ ప్రాంతపు రైతులకు క్రొత్తవారు కారు. కావున శెట్టిగారు నాయికను తండానుండి గ్రహించుట కేవల కల్పనా విలాసము కాదు. తానెఱిగిన సంఘమున ఏ హద్దు దాటరానిదో, ఆ హద్దుకడనే ఆయన కథ నిలిపెను.

రంగరాజు సోనాబాయిని వలచును. ఆమె లంబాడీల నడుమ పెరిగిన కన్య. కుల మర్యాద ననుసరించి వారి వివాహము దుర్ఘటము. అయితే ఆమె జన్మచే లంబాడీ కాదని వెల్లడియగుటతో చిక్కు విడిపోవును, పెండ్లి జరుగును. ఈ యుపాయము క్రొత్తది కాదు. శాకుంతల ప్రథమాంకమున దుష్యంతుని సందేహము గూడ ఇట్టిదే: ఆశ్రమ కన్య తనకు పరిగ్రహయోగ్య యగునా కాదా? ఆమె విశ్వామిత్ర మేనకల సంతానమని తెలియగనే సందేహము తీరును. శెట్టిగారు తన రచనను ‘నవీన ప్రబంధము’ అనుటలోని స్వారస్య మిచటనే యున్నది. వస్తువు నవీనము, పరిష్కారము ప్రాచీనము.

భరతుడు విప్రలంభమును సాపేక్ష భావమనియు, కరుణమును నిరపేక్ష భావమనియు విభజించెను. ఆశ యున్నంతవరకు అది విప్రలంభము. ఆశ తెగినచో కరుణము. సోనాబాయి కథలో జన్మరహస్యము ఆశను కాపాడు సాధనము. శరత్ ‘దేవదాసు’లో అట్టి సాధనము లేదు. అచట నాయికా నాయకు లిరువురును బ్రాహ్మణులే. అడ్డు వచ్చినది కుటుంబ గౌరవము. రంగరాజున కెదురైన దానితో పోల్చిన నది చిన్న యడ్డంకి. అయినను దేవదాసు పార్వతి యత్తవారి వాకిట మరణించును. దీనినిబట్టి అడ్డంకి యొక్క పరిమాణము విషాదమునకు హేతువు కాదని తేలుచున్నది. అడ్డంకిని ఆడిన మాటతో తొలగింపరాదని కవి నిశ్చయించుటయే హేతువు.

విశ్వనాథవారి ‘ఏకవీర’ ఈ విషయమును మఱింత స్పష్టము చేయును. సేతుపతి వలచిన మీనాక్షి మిత్రుడైన వీరభూపతికి భార్య యగును. వీరభూపతి వలచిన ఏకవీర సేతుపతికి భార్య యగును. ఇచట తెలియని సత్యము తెలియవచ్చుటయే ఘోరము. సోనాబాయి కథలో సత్యము ముడిని విప్పినది. ఏకవీరలో అదే ముడిని బిగించినది.

1872 నాటి రచయితనుండి విషాదాంతము నాశించుట కాలవిరుద్ధ మని కొంద రనవచ్చును. కాని అంతకు ఏడేండ్ల ముందే, 1865లో, బంకించంద్రుని ‘దుర్గేశనందిని’ వెలువడినది. అందు పఠాను కన్య ఆయేషా జగత్సింహుని వలచును. అతడు తిలోత్తమను పెండ్లాడును. ఆయేషా జన్మమును గూర్చిన రహస్య మేదియు బయటపడదు. విషపు టుంగరమును నీటిలో పారవైచి ఆమె జీవించును. అసాధ్యమును అసాధ్యముగనే నిలుపుట నాటి భారతీయ నవలకు శక్యమైన పనియే.

శెట్టిగారి దోషము సుఖాంతము కాదు. నిజముగా లంబాడీ యైన కన్యను రంగరాజు వలచి యుండినచో నేమగును? ఈ ప్రశ్నను గ్రంథమే లేవనెత్తినది. సమాధానమునకు ముందే నాయికను తండానుండి తప్పించినది. పరిణయము జరిగినది గాని ప్రణయము పరీక్షకు నిలువలేదు. హద్దు ఉన్నచోటనే యున్నది.

అయినను ఈ గ్రంథమునకు గల గౌరవము తగ్గదు. తండాలోని పిల్లను నాయికగా ఊహించి, ఆమె పేరనే గ్రంథమునకు రెండవ నామము పెట్టుట ఆ కాలమున సాహసము. కులాంతర ప్రణయము ప్రాణములమీదికి వచ్చిన ఉదంతములు 2000 సంవత్సరము తరువాతను తెలుగు జిల్లాలలో వినవచ్చినవి. కావున తొలి తెలుగు నవల దాటవేసిన ప్రశ్న కేవలము సాహిత్య చరిత్రకు సంబంధించినది కాదు. పరిశోధక విద్యార్థులు ‘మొదటిది ఏది’ అను వాదమును కొంత తడవు విడిచి, మొదటిది దేనిని చెప్పలేకపోయినదో పరిశీలించిన మేలు.