జానెడు వాలు

గోదావరి డెల్టాలో కొండ ఎక్కాలంటే లాకుల దగ్గరే ఎక్కాలి. మిగతా చోట్ల నేల లేవదు, కుంగదు. ధవళేశ్వరం బ్యారేజీ నిలబెట్టే నీటిమట్టం సముద్రానికి 14 మీటర్లకు మించి ఎత్తు లేదు. అక్కణ్ణుంచి సముద్రం 60, 70 కిలోమీటర్లు. లెక్క కడితే కిలోమీటరుకు జానెడు వాలు. కంటికి ఆనదు, కాలికి ఆనదు. అది సైకిలు తొక్కేవాడి తొడలకు తెలుస్తుందని ఎవరైనా అంటే నేను నమ్మను. కానీ కాలువ ఆ జానెళ్ళన్నిటినీ దారి పొడుగునా దాచుకుంటూ వచ్చి, లాకు దగ్గర ఒక్కసారిగా వదిలేస్తుంది. నీరు హోరుమని దిగుతుంది, దాని పక్కనే గట్టూ దిగుతుంది, గట్టు మీద సైకిలూ దిగుతుంది. నాలుగు తొక్కుళ్ళ పాటు పాదాలకు పని ఉండదు. డెల్టా సైక్లిస్టుకు ఘాట్‌రోడ్డంటే అదే.

ధవళేశ్వరంలోనే 1847లో మొదలై 1852లో ముగిసిన ఇంజనీరు కాటన్ ఆనకట్టను తలుచుకోని మాట గోదావరి జిల్లాల్లో ఉండదు. ఆనకట్ట గొప్పదే. సైకిలు మీద నుంచి చూస్తే మాత్రం కాలువలు గీసిన తీరు ఇంకా గొప్పగా కనిపిస్తుంది. వరదలు ఏటేటా ఒండ్రు పోసి పోసి డెల్టాలో నది ఒడ్డునే ఎత్తు చేశాయి. ఏటికి దూరమయ్యే కొద్దీ నేల పల్లమవుతుంది. కాబట్టి సాగునీటి కాలువ మెరక మీద నడవాలి, మురుగు కాలువ పల్లంలో నడవాలి. అంటే కాలువ గట్టు మీద వెళ్ళేవాడు, తనకు తెలియకుండానే, ఈ చదును నేలలోని శిఖరాల వెంట వెళ్తున్నాడు. రెండు పక్కలా చేలు కాస్త కిందుగా ఉండడానికి, చూపు అంత దూరం సాగడానికి, పొద్దుటి మంచు గట్టు కిందే ఆగిపోయి సైకిలువాడి భుజాలు ఎండలో ఉండడానికి కారణం అది.

బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా వెళ్ళే గట్టు నాకు తెలిసిన వాటిలో అన్నిటికన్నా కుదిరిన దారి. పెద్ద దూరం కాదు. మధ్య డెల్టాను తడిపే ప్రధాన కాలువ కుడిచేతి పక్కనో ఎడమచేతి పక్కనో ఉంటుంది, మనం ఎంచుకున్న గట్టును బట్టి. ఒక గట్టు మీద తారు, కార్లు, ఆదివారాలు పూతరేకుల కోసం ఆగే జనం. రెండో గట్టు చాలా చోట్ల మట్టిదే. సన్న టైరువాళ్ళు తారు గట్టునే పడతారు. నా ఓటు మట్టికే. వాన కురిసిన మర్నాడు తప్ప.

లొల్లలో సైకిలు దిగాలి. అక్కడ కాలువ చీలి అమలాపురం వైపు ఒకటి, గన్నవరం వైపు ఒకటి పోతాయి. అంతదాకా చప్పుడు చేయకుండా వచ్చిన నీరు తలుపుల కింద నుంచి తెల్లగా విరిగి బయటపడుతుంది. ఒకప్పుడు ఈ తలుపుల మధ్య పడవలు ఆగేవి. తొట్టిలో నీరు నింపినా, తీసినా, ధాన్యపు పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి మారేది. పడవలు పోయాయి. రాతి కట్టడం, ఇనుప చక్రాలు, చెట్ల నీడ మిగిలాయి. సినిమావాళ్ళు ఇక్కడ ఎన్ని పాటలు తీశారో గాని, ఏ కెమెరాకూ చిక్కనిది ఒకటుంది. లాకుకు అర కిలోమీటరు ముందే నీటి హోరు గాలిలో వచ్చి చెవిన పడుతుంది. మొదట అది టైరు చప్పుడేమో అనిపిస్తుంది. తొక్కడం ఆపితే టైరు చప్పుడు సన్నగిల్లుతుంది, ఇది సన్నగిల్లదు. ఇంకో వంద గజాలకు హోరులో హోరు వేరుపడుతుంది: తలుపు కింద గొంతు లావు, అంచు మీద పొర్లేది సన్నం. దారి తన ముందున్న ఘట్టాన్ని ముందే ధ్వనింపజేస్తోంది. ఆలంకారికులు కావ్యంలో మెచ్చుకున్న గుణమే ఇది, పైకి చెప్పకుండా తోపింపజేయడం.

బండ్లు లేని దారికీ ఉన్న దారికీ తేడా ప్రాణభయం ఒక్కటే అనుకుంటారు. భయం సంగతి సరే. అసలు నష్టం చెవికి. వెనక నుంచి లారీ వస్తున్న దారిలో చెవి కాపలాదారు; దానికి ఇంకో పని ఉండదు. బండి రాదన్న నమ్మకం కుదిరిన గట్టు మీద ఆ కాపలాదారు కొలువు దిగి రసికుడవుతాడు. చైను మీద నూనె చాలకపోతే వినిపిస్తుంది. తూము దగ్గర బోదెలోకి నీరు జారే గుటక వినిపిస్తుంది. అవతలి గట్టు మీద బట్టలు ఉతికే దెబ్బ ముందు కంటికి, తరువాత చెవికి అందుతుంది. రసశాస్త్రం మాటల్లో, ఆలంబనం దారి అయితే ఉద్దీపనలు ఇవన్నీ. మోటారు ఒక్కటి దూరితే చాలు, విభావాలన్నీ చెదిరిపోయి భయం స్థాయీభావంగా కూర్చుంటుంది. భయానకమూ నవరసాల్లో ఒకటేగా అని ఎవరైనా అంటారేమో. ఆరుబయట, హెల్మెట్ కింద, అది రసంగా పండదు.

ఈ చదునులో శ్రమ లేదనుకుంటే పొరపాటు. మధ్యాహ్నం తిరిగాక పైరగాలి మొదలవుతుంది. అది సముద్రం మీద నుంచి వస్తుంది, మనం సముద్రం వైపు పోతుంటాం. అప్పుడు గట్టు మీద ఎత్తు లేకపోయినా ఎక్కుడు ఉంటుంది. హాలండువాళ్ళు కూడా గాలినే కొండగా లెక్కపెట్టుకుంటారట. వాళ్ళకు లేనిది మన కొబ్బరి. తోట అడ్డొచ్చిన చోట గాలి తెగుతుంది, సైకిలు తనంత తానే ముందుకు దూకుతుంది, తోట అయిపోగానే మళ్ళీ ఛాతీకి తగులుతుంది. తోట, చేను, తోట, చేను. ఈ తాళానికి తొక్కుడు అలవాటు పడ్డాక గాలి మీద కోపం పోతుంది.

రుతువూ చూసుకోవాలి. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో గట్టు మీద తొక్కడం నాకు ఇష్టం లేదు. అడుగున బురద, ప్లాస్టిక్, ఊరి పాపాలన్నీ బయటపడతాయి. హోరు లేని లాకు మూగది. జూన్‌లో నీళ్ళు వదిలాక, సార్వా ఊడ్పుల వేళకు గట్టు మళ్ళీ కళ్ళు తెరుస్తుంది. అన్నిటికన్నా మంచి కాలం దాళ్వా ఊడ్పుల వేళ, సంక్రాంతికి ముందూ వెనకా. నీళ్ళు పెట్టిన మడుల్లో ఆకాశం, దాన్ని ముక్కలు చేస్తూ సన్నటి గట్లు, వంగిన వీపుల వరస.

అన్ని గట్లూ ఇలా ఉంటాయని చెప్పను. పశ్చిమాన భీమవరం, ఉండి, ఆకివీడు దిక్కున చేపల రొయ్యల చెరువులు గట్లను ఆక్రమించకపోయినా వాటి నిశ్శబ్దాన్ని ఆక్రమించాయి. మేత బస్తాల వ్యానులు, ఐసు లారీలు, రాత్రింబవళ్ళు నీళ్ళు చిలికే ఏరేటర్లు. బతుకు తెరువును తప్పు పట్టలేం, కానీ రసభంగం రసభంగమే. ఏటిగట్లది వేరే కథ. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద తరువాత వాటిని ఎత్తు చేశారు. వాటి మీద నుంచి ఒక పక్క లంకలు, ఇసుక తిన్నెలు, రెండో పక్క ఇళ్ళ పైకప్పులు కనిపిస్తాయి. ఊరి కన్నా ఎత్తున తొక్కుతున్నామన్న స్పృహ గంభీరంగానే ఉంటుంది గాని, కాలువ గట్టుకున్న చనువు దానికి లేదు. ఇక రాజమండ్రిలో, 1900లో రైలు నడిచి 1997లో ఆగిపోయిన హేవలాక్ వంతెన ఉంది. 56 ఖానాలు, నది మీద రెండున్నర కిలోమీటర్లకు పైగా, మోటారు అన్నది ఎక్కని దారి. దాన్ని జనం నడిచే దారి చేస్తామన్న మాటలు వినీ వినీ ఒక తరం ముసలిదైపోయింది. సైకిలుకు చోటిస్తే దేశంలో దానికి సాటి ఉండదని నా నమ్మకం.

అసలు కొండల సంగతి. అమెరికాలో గ్లేసియర్ నేషనల్ పార్కులో 1933లో తెరిచిన ఒక కొండదారి ఉంది. వసంతంలో యంత్రాలు మంచు తొలగిస్తున్నన్ని రోజులు, కార్లను వదలక ముందు, తెరిపిన పడ్డ మేరకు సైకిళ్ళను పోనిస్తారు. అక్కడ దారికి కాపలా మంచు. మనకు మంచు లేదు. 2008లో నేషనల్ పార్కుగా ప్రకటించిన పాపికొండల అడవి వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా గోదావరికి రెండు ఒడ్డులా పరుచుకుంది. దాని నడిగుండెలోకి పోయే రహదారి గోదావరే, దాని మీద లాంచీ తప్ప చక్రం నడవదు. సైకిలుకు దొరికేది అంచు. రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి 85 కిలోమీటర్ల సుమారు. అక్కణ్ణుంచి చింతూరుకు ఘాట్‌రోడ్డు. అది బండ్లు లేని దారి కాదు. భద్రాచలం పోయే బస్సులూ లారీలూ దాని మీదే ఎక్కుతాయి. దానికి కాపలా ఒక్కటే, తెల్లవారుజాము వెలుగు. అది ఉన్నంతసేపే ఈ దారి మనది.

ఆ కాసేపట్లో ఘాట్‌రోడ్డు చేసే పని కాలువ గట్టు చేసేదానికి సరిగ్గా ఎదురు. గట్టు మీద ముందున్నదంతా ముందే కనిపిస్తుంది, ధ్వని దానికి తోడు. ఇక్కడ మలుపు అవతల ఏమీ కనిపించదు. ధ్వనే ముందుగా చెబుతుంది. రెండు మలుపుల పైన ఎక్కడో గేరు మార్చిన బస్సు గొంతు లోయలోకి దిగి, అవతలి కొండను తాకి, మనకు వెనక నుంచి వినిపిస్తుంది. కంగారుపడి పక్కకు తీస్తాం. చాలాసేపటికి అది ఎదురుగా వస్తుంది. అది పోయాక, ఆ మోత పూర్తిగా ఇంకిపోయేదాకా అడవి ఊపిరి బిగబట్టినట్టుంటుంది. తరువాత ఒక పిట్ట, దానికి జవాబుగా ఇంకొకటి, వెదురు కణుపుల రాపిడి, చివరికి మన ఊపిరి. ఎక్కుడులో ఊపిరే మన వాయిద్యం. మెలిక లోపలి అంచు పట్టుకుంటే నిటారు, బయటి అంచు పట్టుకుంటే పొడుగు. బండ్లు ఉన్నప్పుడు ఆ ఎంపిక మనది కాదు, ఎడమ అంచుకు అతుక్కుని పోవాల్సిందే. ఖాళీ దారిలోనే దారి వెడల్పంతా మన చేతికొస్తుంది. మెలికను ఎలా పలకాలో మనమే నిర్ణయించుకుంటాం. ఒకే రాగాన్ని ఇద్దరు ఒకేలా పాడనట్టే, ఒకే మెలికను ఇద్దరు ఒకేలా ఎక్కరు.

మాఘం దాటితే టేకు ఆకు రాలుస్తుంది, లోయల ఆకారం బయటపడుతుంది. ఆ రోజుల్లోనే ఏటవాలుల మీద పోడు కాల్చిన నల్లటి చదరాలు, పొగ. సైకిలు మీద ఊపిరి లోతుగా తీసుకుంటాం గనక ఆ పొగ మనకు బాగా తెలుస్తుంది. అడవికి నష్టమని రాయడం తేలిక. కొండరెడ్ల కంచంలోకి వచ్చే జొన్న, సామ ఆ చదరాల్లోనివే. దారులకూ ఇక్కడ మచ్చలేని చరిత్ర లేదు. ఈ కొండలకు తూర్పున, నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయిస్తూ గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత కూలీ సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట జనం కదలడానికి ఆ కసి ఒక కారణం. మన్యంలో మెలిక అందాన్ని మెచ్చుకునేవాడు దాన్ని చెక్కిన చేతులను కూడా చూడాలి. ఇప్పటికీ తెల్లవారుజామున మారేడుమిల్లి ఘాట్‌రోడ్డు మీద కనిపించేది సైక్లిస్టులకన్నా ముందు సంతకు బయలుదేరినవాళ్ళే. కొండచీపుళ్ళు, అడ్డాకుల కట్టలు, చింతపండు గంపలు, ఒకరి వెనక ఒకరు. బండ్లు లేని రోడ్డు వాళ్ళకు విలాసం కాదు, పిల్లను చంకనెత్తుకుని నడి రోడ్డు మీద నిబ్బరంగా నడవగల కాస్త సమయం. వాళ్ళ పక్కన గంట కొట్టడం మోటుతనం. నెమ్మది చేసుకుని, ఒక మాట పలకరించి దాటాలి.

చింతూరు వైపు దిగుడును అందరూ పొగుడుతారు. నాకు అందులో రసం తక్కువ. చేతులు బ్రేకుల మీద, కళ్ళు రోడ్డు మీది గుంటల మీద. గాలి మోత చెవుల్ని కప్పేస్తుంది, ఎక్కేటప్పుడు పోగేసుకున్న చప్పుళ్ళన్నీ దాని కింద పడిపోతాయి. కిందకు చేరితే శబరి ఉంది, చల్లగా, తొందర లేకుండా. ఆ నీరు కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, సైకిలు పోలేని పాపికొండల సందు గుండా చుట్టు తిరిగి పోతుంది. అక్కడ ముఖం కడుక్కుని వెంటనే వెనక్కి తిప్పి ఎక్కడం మంచిది. దిగుతూ గాలిలో పోగొట్టుకున్న మెలికలన్నీ ఎక్కుతూ ఒక్కొక్కటిగా తిరిగి దొరుకుతాయి, ఈసారి ఎండ అవతలి పక్క నుంచి. ఇంతలో హారన్లు ఎక్కువవుతాయి. మారేడుమిల్లి దగ్గరపడేసరికి రోడ్డు పక్క నిప్పుల మీద వెదురు బొంగులు కాలుతుంటాయి, బొంగు చికెన్ కోసం కార్లు వరస కడతాయి. ఆకలి వేస్తే ఆ వరసలో మనమూ ఉంటాం, సైకిలును చెట్టుకు ఆనించి.